పేరు మనదే... కాగితం ఏదీ?

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇంటి దస్తావేజులు బీరువాలో ఏ అరలో ఉన్నాయో మనందరికీ తెలుసు. నగల రసీదులు, పిల్లల పుట్టినతేదీ కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకం... కరెంటు పోయినప్పుడు అడిగినా తడుముకోకుండా తీసి ఇవ్వగలం. కాని మన చేతిపనితో, మన బుర్రతో సంపాదించుకున్న ఆస్తి ఒకటుంది. దానికి కాగితం ఏదమ్మా అని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. ఈ వేళ ఆ ఆస్తి గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం.

మా పక్కింటి వదినగారు పదేళ్ల కిందట కందిపొడి, కరివేపాకు కారం, మాగాయ చేసి తెలిసినవాళ్లకి అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లాయన జీతం ఒక్కటీ చాలక పెట్టుకున్న పని అది. మొదట్లో ప్లాస్టిక్ సంచీల్లో పోసి, కొవ్వొత్తి మంట మీద మూతి అంటించి ఇచ్చేవారు. నాలుగు డబ్బులు కళ్లజూశాక ప్రెస్సులో లేబుళ్లు అచ్చు వేయించారు. బొమ్మలు బాగా వేసే మేనల్లుడొకడు గువ్వపిట్ట బొమ్మ గీసి ఇచ్చాడు. ఏ పేరు అచ్చు వేయించినా జనం మాత్రం "పిట్టబొమ్మ పొడి" అనే అడిగేవారు. చదువురాని పనిమనుషులు సైతం కొట్లో ఆ బొమ్మ చూపించి కొనుక్కొచ్చేవారు.

నిరుడు సంక్రాంతి ముందు ఒకావిడ ధుమధుమలాడుతూ వచ్చింది. "ఏమండీ, మీ పొడి ముక్కవాసన వేస్తోంది, డబ్బులిచ్చెయ్యండి" అంది. వదినగారు పొట్లం తిప్పి చూస్తే ఏముంది! అది తనది కాదు. ఎవరో రెండు పిట్టలు వేసి, అదే ఆకుపచ్చ రంగులో, అదే అక్షరాల్లో లేబులు కొట్టించి రెండు వీధుల అవతల అమ్ముతున్నారు. వదినగారు వెళ్లి అడిగితే "పిట్టలు మీ ఒక్కరి సొత్తా? నమోదు కాగితం చూపించండి" అన్నారట. ఆవిడ మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రతా శాఖ ఇచ్చిన నమోదు చీటీ తీసుకువెళ్లి చూపించారు. వాళ్లు నవ్వారు.

నవ్వడం తప్పే కాని, చట్టం ప్రకారం వాళ్లు చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు. మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు. ఆ వ్యాపారం పేరు, గుర్తు మనదని చెప్పే నమోదు వేరు. ఈ రెండోదాన్నే ట్రేడ్ మార్కు అంటారు. దీనికి 1999లో చేసిన చట్టం ఉంది. అది 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది.

ట్రేడ్ మార్కు అంటే పెద్ద కంపెనీల వ్యవహారం అనుకోకండి. ఈ సరుకు ఫలానావారిదని కొనేవాళ్లు పోల్చుకునే గుర్తు ఏదైనా ట్రేడ్ మార్కే. అది పేరు కావచ్చు, బొమ్మ కావచ్చు, రెండూ కలిసినది కావచ్చు.

అయితే ఏ పేరు పడితే ఆ పేరు మన ఒక్కరికే ఇవ్వరు. "కమ్మని కందిపొడి" అని పెట్టుకుని, ఇంకెవరూ ఈ మాట వాడకూడదంటే కుదరదు. కమ్మదనం అందరి పొడికీ ఉండవలసినదే కదా! సరుకు గుణాన్ని చెప్పే మాటలు, అది పుట్టిన ఊరిని చెప్పే మాటలు సామాన్యంగా ఒకరికే దఖలు పరచరు. పొడికీ గువ్వపిట్టకీ ఏ సంబంధమూ లేదు. అందుకనే అది మంచి గుర్తు.

దేవుళ్ల పేర్లు, పురాణాల పేర్లు పెట్టుకోవడం మనకి అలవాటు. పెట్టుకోవడం తప్పు కాదు కాని, అవి మనకే చెందాలనుకుంటే చిక్కు. అగరువత్తులకి "రామాయణ్" అనే పేరును తన ట్రేడ్ మార్కుగా నమోదు చేయించుకోవాలని ఒక వ్యాపారి ప్రయత్నిస్తే, పవిత్ర గ్రంథం పేరు మీద ఒకరికే హక్కు ఇవ్వడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఊరి పేరు సంగతీ అంతే. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డుకి 2009లోనే వచ్చింది. ఈ గుర్తింపు ఒక మనిషికి ఇచ్చేది కాదు, ఆ ప్రాంతానికి, అక్కడి తయారీకి ఇచ్చేది. హైదరాబాదులో మన వంటింట్లో పూతరేకులు చుట్టి వాటి మీద ఆత్రేయపురం అని వేస్తే ఆ ఊళ్లో రేకులు తీసే ఆడవాళ్ల పొట్ట కొట్టినట్టే. పైగా చట్టరీత్యా నేరం కూడాను.

సరే, నమోదు ఎలాగ? ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలకి ట్రేడ్ మార్కు రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. రైలెక్కి వెళ్లనక్కరలేదు, కంప్యూటరు మీద ఇంటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందుగా అలాంటి పేరు ఇంకెవరికైనా ఉందేమో రిజిస్ట్రీవారి వెబ్‌సైటులో వెతుక్కోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. లేబుళ్లు పదివేలు కొట్టించాక చూసుకునే కంటే ముందే చూసుకోవడం మేలు కదా!

సరుకుల్ని, సేవల్ని కలిపి 45 తరగతులుగా విభజించారు. పచ్చళ్లు 29వ తరగతిలోకి వస్తే, మసాలాలు, కారప్పొడులు 30వ తరగతిలోకి వస్తాయి. ఒక వ్యక్తి తన సొంత పేరు మీద కంప్యూటరు ద్వారా పెట్టుకుంటే తరగతికి 4,500 రూపాయలు, కాగితం మీద పెట్టుకుంటే 5,000. మా వదినగారికి పొడులూ పచ్చళ్లూ రెండూ ఉన్నాయి గనక 9,000 అయింది. లాయరు ఫీజు దీనికి అదనం. "అమ్మో, తొమ్మిదివేలే!" అంటారేమో. ఒక చిన్న ఉంగరం పాటి కూడా చేయదు. పైగా నమోదయితే దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పదేసి ఏళ్లకి పొడిగించుకుంటూ పోవచ్చు.

దరఖాస్తు చూసి అధికారులు ఏదైనా అభ్యంతరం రాస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టు లెక్క కట్టే ప్రమాదం ఉంది. అంచేత మీరే చూసుకునే ఫోను నెంబరు, ఈమెయిలు ఇవ్వండి. అబ్బాయి స్నేహితుడి ఈమెయిలు ఇచ్చి మరిచిపోకండి. అన్నీ సరిగా ఉంటే పత్రికలో ప్రకటిస్తారు. 4 నెలల్లోగా ఎవరూ అడ్డు చెప్పకపోతే సర్టిఫికెట్టు వస్తుంది.

ఈలోగా పేరు పక్కన చిన్నగా "టీ ఎమ్" అని వేసుకోవచ్చు. "ఆర్" అక్షరం చుట్టూ సున్నా చుట్టిన గుర్తు మాత్రం నమోదు పూర్తయ్యేవరకూ వేయకూడదు. నమోదు కాకుండానే అయిందని చెప్పుకోవడం చట్టవిరుద్ధం.

మరి నమోదు చేయించుకోనివాళ్ల గతి ఏమిటి? పూర్తిగా అన్యాయమైపోరు. తిరునల్వేలిలో "ఇరుట్టుకడై" హల్వా అని పేరుపడ్డ దుకాణం ఉంది. ఇరుట్టుకడై అంటే అరవంలో చీకటి కొట్టు. ఆ పేరుకి ముందు "తిరునల్వేలి" అని చేర్చి మరొకరు హల్వా వ్యాపారం పెట్టి, నమోదు కూడా సంపాదించారు. అసలు దుకాణం హక్కుదారైన మహిళ కోర్టుకి వెళ్లారు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. నమోదు కంటే ముందునుంచీ వాడుకలో ఉన్నవారి హక్కే గొప్పదని 2015లో తీర్పు వచ్చింది.

అయితే "ముందునుంచీ మాదే" అంటే సరిపోదు, రుజువు కావాలి. మా వదినగారిని ఆదుకున్నవి ఏమిటో తెలుసా? మొట్టమొదటి లేబుళ్ల తాలూకు ప్రెస్సు రసీదు, ఒక పెళ్లివారి ఆర్డరు చీటీ, పేపర్లో పెట్టి పంచిన కరపత్రం. పప్పుల డబ్బా అడుగున పడి ఉన్నాయి పాపం. అవి జతచేసి లాయరుగారు నోటీసు ఇచ్చాక అవతలివాళ్లు పిట్టలు తీసేశారు. కాని ఆ సంక్రాంతి బేరం మాత్రం తిరిగి రాలేదు. నమోదు ఉంటే ఇంకొక సౌకర్యం కూడా ఉంది. దాని మీద దావా మనం ఉంటున్న ఊరి జిల్లాస్థాయి కోర్టులోనే వేసుకోవచ్చు. నమోదు లేకపోతే ఒక్కొక్కప్పుడు అవతలివాడి ఊరికి తిరగవలసి వస్తుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో పాత కేసొకటి చెబుతుంది. అమృతధార మందు మన పెద్దవాళ్లకి తెలుసు. దానికి పోటీగా లక్ష్మణధార అని ఇంకొకటి వచ్చింది. ఈ రెండు పేర్లూ సామాన్యుడిని తికమక పెడతాయని 1962లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా ఏళ్ల తరబడి అమృతధారవారు మాట్లాడకుండా ఊరుకున్నారు గనక లక్ష్మణధారకి ఉత్తరప్రదేశ్ వరకు నమోదు ఉండనిచ్చింది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గాని, ఈ విషయంలో మాత్రం ఊరుకుంటే నష్టమే.

ఇక రెండో ఆస్తి. మనం రాసినది, గీసినది, స్వరపరచినది. దీనికి కాపీరైటు అంటారు. 1957 నాటి చట్టం ఇది. ట్రేడ్ మార్కుకీ దీనికీ ముఖ్యమైన తేడా ఏమిటంటే, కాపీరైటు నమోదు చేయించుకుంటేనే వచ్చేది కాదు. మీరు కథ రాసి కలం మూతపెట్టిన క్షణాన అది మీది. కావాలనుకుంటే ఢిల్లీలోని కాపీరైటు కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. రచనకి 500 రూపాయలు, సరుకు మీద వాడే బొమ్మకైతే 2,000. రేపు తగువు వస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది.

ఈ విషయంలో సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని చెప్పుకుందాం.

"నా వంటకం పక్కావిడ చేసి అమ్ముతోంది, ఆపగలనా?" ఆపలేరమ్మా. ఆలోచనకి కాపీరైటు లేదు, దానిని చెప్పిన తీరుకే ఉంది. ఈ మాట సుప్రీంకోర్టు 1978లో ఒక నాటకానికీ సినిమాకీ వచ్చిన తగాదాలో స్పష్టంగా చెప్పింది. గోంగూరలో ఎన్ని ఎండుమిరపకాయలు వేయాలన్నది ఎవరి సొత్తూ కాదు. కాని మీరు సొంత మాటల్లో రాసిన వంటల పుస్తకాన్ని, మీరు తీసిన ఫోటోలని దించేసుకుంటే అది తప్పే. రహస్యం కాపాడుకోవాలంటే మార్గం ఒక్కటే. మసాలా మీ చేతులతో మీరే కలుపుకోండి!

"పాత పుస్తకాల్లోవి వాడుకోవచ్చా?" రచయిత బతికున్నంత కాలమూ, పోయిన తర్వాత మరో 60 ఏళ్లూ కాపీరైటు ఉంటుంది. గురజాడవారు 1915లో, వీరేశలింగంగారు 1919లో పోయారు. వారి రచనలు ఇప్పుడు అందరివీ. చలంగారు 1979లో పోయారు గనక ఆయన బతికుండగా వెలువడినవాటికి 2039 చివరిదాకా హక్కు ఉంటుంది. ఈ 60 ఏళ్లు ఇదివరకు 50గానే ఉండేవి. రవీంద్రనాథ్ టాగూరు 1941లో పోయారు. ఆయన రచనల గడువు తీరే సమయంలో చట్టం సవరించి మరో పదేళ్లు పెంచారు.

"అన్నమయ్య కీర్తన పాడి అమ్ముకోవచ్చా?" సాహిత్యం అందరిదీ. కాని ఈ రోజుల్లో ఒకరు కట్టిన వరస ఆ స్వరకర్తది. ఒకరు పాడిన రికార్డు, దానిని తయారు చేయించినవారిది. మీ వరస మీరు కట్టుకుంటే ఏ చిక్కూ లేదు.

"పెళ్లిలో సినిమా పాటలు పెడితే డబ్బు కట్టాలా?" పెళ్లి, దానికి సంబంధించిన ఊరేగింపు, వేడుకలు, మతపరమైన కార్యక్రమాల్లో పాటలు వినిపించడానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. దాన్ని సాకుగా తీసుకుని టిక్కెట్లు పెట్టి కార్యక్రమం చేస్తే కుదరదు.

"పిల్లల గౌన్ల మీద టీవీ బొమ్మలు కుట్టి అమ్మొచ్చా?" అనుమతి లేకుండా వద్దు. పిట్టబొమ్మ మనదైనప్పుడు ఎలుకబొమ్మ ఇంకొకరిది కాకుండా పోతుందా?

"చీరల మీద నా డిజైను?" ఇక్కడ ఒక మెలిక ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగ్గ డిజైనుని, నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకి మించి వస్తువుల మీద వేస్తే దాని కాపీరైటు పోతుంది. పెద్ద ఎత్తున అచ్చు వేయించాలనుకుంటే బజారులో పెట్టకముందే డిజైనుగా నమోదు చేయించుకోండి. 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. నలుగురికీ చూపించేశాక అది కొత్తది కాదంటారు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఆఖరున చెబుతున్నాను. అది సంతకం సంగతి.

డబ్బిచ్చి గీయించినంత మాత్రాన బొమ్మ మనదైపోయిందనుకోకండి. మా వదినగారి మేనల్లుడు మంచివాడు. "అత్తయ్యా, ఈ బొమ్మ హక్కు నీదే" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఇదివరకు లేని కాగితం అది. రేపు అతనికి పెళ్లవుతుంది, పెద్ద ఆర్టిస్టవుతాడు. ఎవరి బుద్ధి ఎలా ఉంటుందో! హక్కు చేతులు మారాలంటే రాతకోతలు ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. అందులో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం లెక్క కడుతుంది. ఏ దేశానికో రాయకపోతే ఇండియా వరకే.

ఈ 5 ఏళ్ల ముక్క నాకెలా తెలిసిందో చెబుతాను. పదిహేనేళ్ల కిందట నేను పండగల పిండివంటల గురించి ఒక నోటు పుస్తకం నిండా రాశాను. సగం మా అమ్మ చెప్పినవి, సగం నేను చేసి చూసినవి. ఒక ప్రచురణకర్త రెండువేలిచ్చి, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. నా రాత అచ్చవుతుందన్న సంబరంలో చదవకుండానే పెట్టాను. పుస్తకమైతే వచ్చింది గాని దాని మీద నా పేరు లేదు! "సంతకం పెట్టావుగా, ఇంకేం అడుగుతావు" అన్నారు ఇంట్లో. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. ఆ పుస్తకం మా చుట్టాలింట్లో కనబడితే పక్కకి చూసేదాన్ని.

వదినగారి గొడవలో లాయరుగారి దగ్గరకి తోడు వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన ఆ కాగితం నకలు తెప్పించమన్నారు. ఉత్తరం రాస్తే జిరాక్సు పంపారు. అందులో ఎన్నేళ్లకని లేనే లేదు. అంటే హక్కు నాకు తిరిగి వచ్చి చాలా ఏళ్లయింది. ఆ సంగతి తెలియనిది నాకే! పేరు సంగతైతే మరీనూ. హక్కులు అమ్ముకున్నా, రాసింది నేనే అని చెప్పుకునే హక్కు రచయితదే. తన రచనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన "ఆప్ కా బంటీ" నవలని సినిమాకి ఇచ్చారు. "సమయ్ కీ ధారా" అని తీసిన ఆ సినిమాలో తన కథ రూపుమాపారని ఆవిడ కోర్టుకెక్కారు. ఆఖరికి ఇరుపక్షాలూ రాజీపడినా, అమ్మిన తర్వాత కూడా రచయితకి ఈ ప్రత్యేక హక్కు నిలిచే ఉంటుందని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

ఇప్పుడు ఆ ప్రచురణకర్త మిగిలిన కాపీల మీద నా పేరు చీటీ అంటిస్తామన్నారు. కొత్త ముద్రణ నేనే వేయించుకుంటున్నాను. అందులో మా అమ్మ పేరు కూడా ఉంటుంది. చూసుకోవడానికి ఆవిడ లేదు.

అంచేత సోదరీమణులారా, ఈ వారం ఒక్క పని చేయండి. ఒక ఫైలు కొనండి. మొదటి లేబులు, మొదటి రసీదు, తేదీ వేసిన మీ రాతలు, గీతలు, ఎవరితోనైనా రాసుకున్న ఒప్పందాల నకళ్లు అందులో పెట్టండి. చదవకుండా సంతకం పెట్టకండి. పెట్టాక నకలు తీసుకోకుండా లేవకండి. అరవై గడపలు తిరిగి సంపాదించుకున్న పేరు ఊరికే పోనివ్వకండి. ఇంటి దస్తావేజుల పక్కనే ఆ ఫైలుకీ కాస్త చోటు చూడండి.

సెలవు.